క్యూల మధ్య మెసేజ్ రూటింగ్: టెస్ట్ పాసైనా మెసేజ్‌లు ఎందుకు తప్పిపోతాయి

"మెసేజ్ పంపాం, గమ్యం క్యూలో కనిపించింది, పాస్." అప్లికేషన్లను కలిపి చూసే ఇంటిగ్రేషన్ టెస్ట్ పత్రాల్లో రూటింగ్ గురించి, అంటే ఏ మెసేజ్ ఏ క్యూకి వెళ్లాలన్న దాని గురించి, చాలాసార్లు ఉండేది ఈ ఒక్క మాటే. అందులో తప్పేమీ లేదు, కానీ దాంతో తేలేది చాలా తక్కువ. అన్నీ సవ్యంగా ఉన్నప్పుడు ఒక మంచి మెసేజ్ వెళ్లాల్సిన చోటికి వెళ్లిందని తెలిసింది, అంతే. దాని కాపీ ఇంకెక్కడికైనా పోయిందా, ఏ రూల్‌కీ చిక్కని మెసేజ్ ఏమైంది, మధ్యలో అడాప్టర్ పడిపోతే అదే ఆర్డర్ రెండుసార్లు నమోదైందా అన్న ప్రశ్నలకు ఆ టెస్ట్ దగ్గర జవాబు లేదు. లైవ్‌కి వెళ్లాక టెన్షన్ పెట్టే ఫిర్యాదులు చాలావరకు ఇక్కడి నుంచే వస్తాయి. అందుకే రూటింగ్ టెస్ట్‌ని నేను లెక్క సరిచూసే పనిగా చూస్తాను. లోపలికి వెళ్లిన ప్రతి మెసేజ్ చివరికి ఎక్కడ తేలిందో చూపించగలగాలి. ఒక్కటి లెక్కకు రాకపోయినా టెస్ట్ ఫెయిలైనట్టే.

ముందు ఏర్పాటు ఏమిటో చూద్దాం. ఆర్డర్లు తీసుకునే అప్లికేషన్ ఒకటి, గోడౌన్ సరుకు చూసేది ఒకటి, బిల్లులు వేసేది మరొకటి. ఒక్కొక్కటీ ఒక్కో కాలంలో, ఒక్కో టెక్నాలజీలో కట్టినవి. ఇవి నేరుగా మాట్లాడుకోకుండా మధ్యలో క్యూలు, అంటే ఒకరు పంపిన మెసేజ్‌ని రెండోవారు తీసుకునేదాకా దాచి ఉంచే వరుసలు, పెడతారు. ఐబీఎం 1993లో ఎంక్యూ సిరీస్ పేరుతో తెచ్చిన ప్రోడక్ట్, అంటే ఇప్పటి ఐబీఎం ఎంక్యూ, పెద్ద సంస్థల్లో ఈ పద్ధతికి బాగా ప్రచారం తెచ్చింది. తర్వాత జావా వాళ్లకు క్యూలతో పనిచేసే ప్రామాణిక పద్ధతిగా జేఎంఎస్ వచ్చింది, జేపీమోర్గాన్ చేజ్‌లో ఏఎంక్యూపీ ప్రోటోకాల్ (మెసేజ్‌లు పంపుకునే ఉమ్మడి నియమాలు) పుట్టింది, 2007లో రాబిట్‌ఎంక్యూ వచ్చింది. అప్లికేషన్‌కీ క్యూకీ మధ్య నిలబడేది అడాప్టర్. ఒక వైపు డేటాబేస్ టేబుల్, ఫైలు, వెబ్ సర్వీసు లాంటిది ఏదో ఉంటుంది, రెండో వైపు క్యూ ఉంటుంది. అడాప్టర్ అక్కడి సమాచారాన్ని మెసేజ్‌గా మార్చి, హెడర్లు పెట్టి, క్యూలో వేస్తుంది. ఆ హెడర్లనో లోపలి సమాచారాన్నో చూసి మెసేజ్‌ని ఏ క్యూకి పంపాలో రూటింగ్ రూల్స్ తేలుస్తాయి.

ఇక్కడ ఒక అపోహ తీసేయాలి. పంపే అడాప్టర్ లాగ్‌లో "సక్సెస్" అని వచ్చిందంటే మెసేజ్ గమ్యానికి చేరినట్టు కాదు, దగ్గరున్న క్యూ మేనేజర్, అంటే క్యూలను నడిపే ప్రోగ్రామ్, దాన్ని తీసుకున్నట్టు. గమ్యం మరో క్యూ మేనేజర్ మీద ఉంటే మెసేజ్ ముందు ట్రాన్స్‌మిషన్ క్యూలో కూర్చుంటుంది, రెండు క్యూ మేనేజర్లను కలిపే ఛానెల్ మీదుగా అవతలికి వెళ్తుంది, అక్కడ అసలు క్యూలో పడుతుంది, అప్పుడు అవతలి అడాప్టర్ తీసుకుంటుంది. ప్రతి మజిలీలోనూ మెసేజ్ ఆగిపోయే అవకాశం ఉంది. పంపిన వాళ్లకు మాత్రం ఆ ఎర్రర్ కనిపించదు, ఎందుకంటే వాళ్ల పని ఎప్పుడో అయిపోయింది.

ఏ రూల్‌కీ చిక్కని మెసేజ్

ఎర్రర్ ఇచ్చే తప్పు కంటే ఏ చప్పుడూ లేకుండా జరిగే తప్పు ప్రమాదం. అలాంటిది ఒకటి దగ్గరగా చూద్దాం.

జేఎంఎస్‌లో క్యూ నుంచి మెసేజ్ తీసుకునేవాళ్లు సెలెక్టర్ అనే షరతు పెట్టుకోవచ్చు. ఎస్‌క్యూఎల్‌లో డేటాబేస్‌ని అడిగేటప్పుడు వేర్ క్లాజ్ రాసినట్టే ఉంటుంది. అర్జెంట్ ఆర్డర్లు తీసుకునే అడాప్టర్ "ప్రయారిటీ 3 కంటే ఎక్కువ" అని సెలెక్టర్ పెట్టుకుందనుకోండి. ఈ ప్రయారిటీ ప్రోగ్రామర్లు తమకోసం పెట్టుకున్న ప్రాపర్టీ, మెసేజ్‌తో పుట్టే జేఎంఎస్ ప్రయారిటీ కాదు. పంపే అడాప్టర్ ఆ విలువను ఎక్స్‌ఎంఎల్ నుంచి తీసింది. ఎక్స్‌ఎంఎల్ నుంచి వచ్చింది కాబట్టి అది టెక్స్ట్, ప్రాపర్టీలో కూడా "5" అనే స్ట్రింగ్‌గానే పెట్టింది. జేఎంఎస్ నియమం ప్రకారం వేర్వేరు రకాల విలువలను పోల్చితే జవాబు ఫాల్స్. అంటే ఆ మెసేజ్‌ని అర్జెంట్ అడాప్టర్ ఎప్పటికీ తీసుకోదు. లాగ్‌లో ఏమీ ఉండదు, గమ్యం చేరలేని మెసేజ్‌లు పడే డెడ్ లెటర్ క్యూలోకీ వెళ్లదు. అదే క్యూలో పడి ఉంటుంది, క్యూ డెప్త్, అంటే అందులో ఉన్న మెసేజ్‌ల సంఖ్య, ఒక్కొక్కటిగా పెరుగుతూ పోతుంది.

మరి టెస్ట్‌లో ఎందుకు దొరకలేదు? టెస్ట్ చేసినవాళ్లు అసలు అడాప్టర్‌తో కాకుండా ఒక చిన్న టూల్‌తో మెసేజ్ వేశారు. ఆ టూల్‌లో ప్రయారిటీ అన్న చోట 5 కొడితే అది అంకెగా వెళ్లింది. రూల్ పనిచేసింది, పాస్ అయ్యింది. అక్కడ పరీక్షకు నిలిచింది టూల్ తయారు చేసిన మెసేజ్, మన మెసేజ్ కాదు. కాబట్టి రూటింగ్ టెస్ట్‌లో కనీసం ఒక భాగమైనా అసలు అడాప్టర్ పుట్టించిన మెసేజ్‌లతోనే నడవాలి. టూల్‌తో తప్పనిసరి అయితే, అడాప్టర్ వేసిన ఒక మెసేజ్‌ని ముందు క్యూ నుంచి తీయకుండానే బ్రౌజ్ చేసి, హెడర్లు, ప్రాపర్టీలు, వాటి టైపులు చూసుకుని, దాన్నే నమూనాగా పెట్టుకోవాలి.

ఇదే సెలెక్టర్లలో ఇంకో గుంట ఉంది. రీజియన్ "ఏ" అయితే ఒక అడాప్టర్, "ఏ" కాకపోతే రెండోది తీసుకుంటుంది. చూడగానే ఏదీ మిగలదనిపిస్తుంది. కానీ రీజియన్ ప్రాపర్టీ అసలే లేకపోతే రెండు షరతులకూ జవాబు ట్రూ కాదు, ఫాల్స్ కూడా కాదు, "తెలియదు" అని వస్తుంది. ట్రూ రానిదాన్ని ఎవరూ తీసుకోరు. అందుకని ప్రతి రూటింగ్ ఫీల్డ్‌కీ లేనిది, ఖాళీది, స్పేస్ ఉన్నది, చిన్న అక్షరాల్లో వచ్చినది, అనుకోని విలువ ఉన్నది అన్న కేసులు రాయాల్సిందే. నన్నడిగితే, సరైన విలువల కేసుల కంటే ఇవే ఎక్కువ ఉండాలి.

రాబిట్‌ఎంక్యూలో ఇదే సమస్య ఇంకో రూపంలో వస్తుంది. అక్కడ పంపేవాళ్లు మెసేజ్‌ని క్యూకి కాదు, ఎక్స్చేంజ్‌కి ఇస్తారు. మెసేజ్‌తో వచ్చే, చుక్కలతో విడదీసిన పదాలుండే రూటింగ్ కీ చూసి ఎక్స్చేంజ్ దాన్ని క్యూలకు పంచుతుంది. టాపిక్ ఎక్స్చేంజ్‌లో స్టార్ గుర్తు సరిగ్గా ఒక పదానికి, హ్యాష్ గుర్తు సున్నా లేదా ఎన్ని పదాలకైనా సరిపోతుంది. "ఆర్డర్ డాట్ స్టార్ డాట్ న్యూ" అని బైండింగ్ (ఎక్స్చేంజ్‌ని క్యూకి కలిపే షరతు) ఉన్నప్పుడు ఎవరో కీలో మధ్యన మరో పదం చేర్చితే అది ఇక ఎక్కడా కుదరదు. కుదరని మెసేజ్‌ని రాబిట్‌ఎంక్యూ మామూలుగా పారేస్తుంది. పైగా పబ్లిషర్ కన్ఫర్మ్, అంటే మెసేజ్ అందిందని పంపినవాళ్లకు వచ్చే రసీదు, పెట్టుకున్నా సరే, ఏ క్యూకీ వెళ్లని మెసేజ్‌కి కూడా కన్ఫర్మ్ వచ్చేస్తుంది. "కన్ఫర్మ్ వచ్చింది కదా" అని ధీమాగా ఉండేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. మెసేజ్ పంపేటప్పుడు మ్యాండేటరీ ఫ్లాగ్ పెడితే కుదరనిది పంపినవాళ్లకే తిరిగి వస్తుంది. ఎక్స్చేంజ్‌కి ఆల్టర్నేట్ ఎక్స్చేంజ్ పెడితే అలాంటివన్నీ ఒక క్యూలో చేరతాయి. రెండోది నాకు ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే టెస్ట్‌లో ఆ క్యూ లెక్క నేరుగా చూడొచ్చు.

రాలేదని రుజువు చేయడం

మెసేజ్ వచ్చిందని చూపడం తేలిక. రాలేదని చూపాలంటే ఎంతసేపు ఆగాలి? బిల్లింగ్ క్యూలో 5 సెకన్లు వేచి చూశాం, ఐబీఎం ఎంక్యూ 2033 అనే కోడ్ ఇచ్చింది, అంటే మెసేజ్ లేదని. ఆరో సెకనులో వస్తే? పోనీ 5 నిమిషాలు ఆగితే వందల కేసుల టెస్ట్ రోజంతా నడుస్తుంది.

దీనికి గుర్తు మెసేజ్ అనే ఉపాయం పనికొస్తుంది. అసలు మెసేజ్ పంపిన వెంటనే, అదే దారిలో, బిల్లింగ్‌కి తప్పక వెళ్లే మరో మెసేజ్ పంపాలి. బిల్లింగ్ క్యూలో ఆ గుర్తు మెసేజ్ కనిపించిందంటే దానికంటే ముందు పంపినవి రావాల్సి ఉంటే ఈపాటికే వచ్చి ఉండాలి. ఇక ఆగనక్కర్లేదు. అయితే వరుస తప్పని దారి అయితేనే ఇది చెల్లుతుంది. రూటింగ్ చేసే ప్రాసెస్ ఒకే థ్రెడ్‌లో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా, నడవాలి, రెండు మెసేజ్‌ల ప్రయారిటీ ఒకటే ఉండాలి. ఐబీఎం ఎంక్యూ క్యూలు మామూలుగా ప్రయారిటీ వరుసలో మెసేజ్‌లు ఇస్తాయి కాబట్టి గుర్తు మెసేజ్‌కి ఎక్కువ ప్రయారిటీ ఉంటే అది ముందుకు దూకేస్తుంది, రుజువు పనికిరాకుండా పోతుంది.

మన మెసేజ్‌ని మనం గుర్తుపట్టడం కూడా అనుకున్నంత తేలిక కాదు. మెసేజ్ ఐడీని అడాప్టర్లు దారిలో మార్చేస్తుంటాయి, ఎందుకంటే ఒకటి చదివి మరొకటి కొత్తగా వేస్తాయి. రిక్వెస్ట్‌కి రిప్లై పంపేటప్పుడు రిక్వెస్ట్ మెసేజ్ ఐడీని రిప్లైలోని కోరిలేషన్ ఐడీలో (అది ఏ రిక్వెస్ట్‌కి జవాబో చెప్పే చోటు) పెట్టడం ఐబీఎం ఎంక్యూలో డిఫాల్ట్ పద్ధతి. ఒక వైపు అలా చేసి, రెండో వైపు "నా కోరిలేషన్ ఐడీనే తిరిగి ఇవ్వు" అని ఎదురుచూస్తే రిప్లై క్యూలోనే ఉంటుంది, అడిగినవాళ్లకు మాత్రం టైమౌట్ వస్తుంది. ఐబీఎం ఎంక్యూలో ఈ ఐడీలు 24 బైట్ల ముడి డేటా, అక్షరాలు కావు. అందులో ఆర్డర్ నంబర్‌ని టెక్స్ట్‌గా పెట్టి మెయిన్‌ఫ్రేమ్‌కి పంపితే బాడీ అక్కడి అక్షర కోడ్ అయిన ఎబ్‌సీడిక్‌లోకి మారుతుంది గానీ ఐడీ మారదు. అక్కడ చదివితే పిచ్చి గీతలు కనిపిస్తాయి. అందుకే టెస్ట్‌కి గుర్తుగా బాడీలోనే ఒక విడి ఫీల్డ్ పెట్టుకోవడం మేలు.

షేర్ చేసుకునే టెస్ట్ సర్వర్లలో ఇంకో బెడద ఉంది. వేరే టీమ్ నడిపిస్తున్న అడాప్టర్ అదే క్యూ వింటూ ఉంటే మన మెసేజ్‌ని అది మింగేస్తుంది. క్యూని ఇన్‌పుట్ కోసం ఎంతమంది తెరిచి ఉంచారో క్యూ స్టేటస్‌లో కనిపిస్తుంది. టెస్ట్ మొదలుపెట్టే ముందు ఆ అంకె చూస్తే గంటల వెతుకులాట తప్పుతుంది.

ఎక్స్‌పైరీ, అంటే మెసేజ్ చెల్లే గడువు, గురించి ఒక్క మాట. ఐబీఎం ఎంక్యూలో దాన్ని సెకనులో పదో వంతుల్లో ఇస్తారు. 30 అని పెడితే 3 సెకన్లే. అర నిమిషం అనుకుని పెట్టినవాళ్ల మెసేజ్‌లు ఛానెల్ కాస్త నెమ్మదించగానే మాయమైపోతాయి.

బైట్లు జరిగిపోతే దారి మారుతుంది

రూటింగ్ ఫీల్డ్ హెడర్‌లో కాకుండా బాడీలో ఉన్నప్పుడు కన్వర్షన్ (ఒక అక్షర కోడ్ నుంచి మరోదానికి మార్చడం) కూడా రూటింగ్ టెస్ట్‌లో భాగమే. పాత అప్లికేషన్లు స్థిర వెడల్పు రికార్డులు పంపుతాయి: మొదటి 40 బైట్లు కస్టమర్ పేరు, 41వ బైటు నుంచి ఆర్డర్ రకం. ఇంగ్లిష్ పేరుతో టెస్ట్ చేసినన్నాళ్లూ అంతా బాగుంటుంది. యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగు లిపిలో ఒక్కో కోడ్‌కి 3 బైట్లు పడతాయి. "కి" అన్నది కంటికి ఒక అక్షరమే అయినా అందులో రెండు కోడ్‌లు, 6 బైట్లు ఉంటాయి. పంపే అడాప్టర్ 40 అక్షరాలు లెక్కపెట్టి, తీసుకునేది 40 బైట్లు లెక్కపెడితే, 41వ స్థానంలో ఆర్డర్ రకానికి బదులు పేరు ముక్క ఒకటి కూర్చుంటుంది. ఆ మెసేజ్ ఏ దారిన పోతుందో ఎవరూ చెప్పలేరు. పేరు ఫీల్డ్‌లో ఇంగ్లిష్ కాని లిపి, పైన గుర్తులున్న లాటిన్ అక్షరాలు, ఇమోజీ పెట్టి చూడటం అలంకారం కోసం కాదు, రూటింగ్ కోసమే.

ఐబీఎం ఎంక్యూలో మరో జాగ్రత్త ఉంది. మెసేజ్ ఫార్మాట్ స్ట్రింగ్ అని హెడర్‌లో చెప్పకుండా ఖాళీగా వదిలేస్తే, చదివేవాళ్లు కన్వర్షన్ అడిగినా జరగదు. ఒకే రకం సర్వర్ల మధ్య టెస్ట్ చేస్తే ఇది బయటపడదు. లైవ్‌లో మెయిన్‌ఫ్రేమ్ ఉంటే టెస్ట్‌లో కూడా కనీసం ఒక దశలో మెయిన్‌ఫ్రేమ్ ఉండాలి.

పడిపోయిన అడాప్టర్, రెండుసార్లు నమోదైన ఆర్డర్

క్యూ నుంచి మెసేజ్ తీసి డేటాబేస్‌లో రాసే అడాప్టర్‌కి రెండు కమిట్‌లు (చేసిన పనిని ఖాయం చేయడాలు) ఉంటాయి, డేటాబేస్‌ది ఒకటి, క్యూది ఒకటి. రెండింటినీ ఒకే లావాదేవీగా కట్టే ఎక్స్‌ఏ పద్ధతి ఉంది గానీ, దాని బరువు చూసి చాలామంది పెట్టుకోరు. అలాంటప్పుడు మొదటి కమిట్ అయ్యి రెండోది కాకముందు కనెక్షన్ తెగితే, క్యూ మెసేజ్‌ని మళ్లీ ఇస్తుంది. ఆర్డర్ రెండుసార్లు పడుతుంది.

ఈ సందు మిల్లీ సెకన్లలో ఉంటుంది కాబట్టి ఊరికే ప్రాసెస్‌ని చంపుతూ కూర్చుంటే దొరకడం అదృష్టం మీద ఆధారపడుతుంది. కావాలని సందు పెద్దది చేయాలి. అడాప్టర్ రాయబోయే టేబుల్ మీద మరో సెషన్ నుంచి లాక్ పెట్టండి. మెసేజ్ పంపండి. అడాప్టర్ దాన్ని తీసుకుని, డేటాబేస్ దగ్గర లాక్ కోసం ఆగిపోతుంది. ఇప్పుడు అడాప్టర్‌కీ క్యూ మేనేజర్‌కీ మధ్య పోర్టుని ఫైర్‌వాల్‌లో మూసేయండి. ఐబీఎం ఎంక్యూకి మామూలుగా అది 1414. తర్వాత లాక్ వదలండి. డేటాబేస్ కమిట్ అవుతుంది, క్యూ కమిట్ ఫెయిలవుతుంది. పోర్టు తెరిచి, మెసేజ్ తిరిగి వచ్చేదాకా ఆగి, టేబుల్‌లో ఎన్ని వరుసలు ఉన్నాయో చూడండి. ఒకటే ఉంటే అడాప్టర్ ఆర్డర్ నంబర్ చూసుకుని రెండోదాన్ని వదిలేస్తోందన్నమాట. రెండు ఉంటే డిజైన్ వాళ్లతో కూర్చోవాల్సిన పని ఉంది.

ఆ మధ్యలో కంగారు పెట్టే దృశ్యం ఒకటి కనిపిస్తుంది. క్యూ డెప్త్ 1 అని చూపిస్తుంది, చదవబోతే 2033 వస్తుంది. డెప్త్‌లో ఇంకా కమిట్ కాని మెసేజ్‌లు కూడా కలుస్తాయి. తెగిపోయిన కనెక్షన్‌ని క్యూ మేనేజర్ గుర్తించేదాకా ఆ మెసేజ్ పాత అడాప్టర్ పేరు మీదే ఉంటుంది. ఛానెల్ హార్ట్‌బీట్ (కనెక్షన్ బతికి ఉందో లేదో చూసే సంకేతం) డిఫాల్ట్ 300 సెకన్లు కాబట్టి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. టెస్ట్‌ని మరీ తొందరగా ముగిస్తే మెసేజ్ పోయిందని పొరపాటు రిపోర్టు రాస్తారు.

ఎన్నిసార్లు ఇచ్చినా అడాప్టర్ మింగలేని పాడైన మెసేజ్ కథ వేరు. ఐబీఎం ఎంక్యూ క్యూలో బ్యాక్‌ఔట్ థ్రెషోల్డ్, అంటే ఎన్నిసార్లు వెనక్కి వచ్చాక మెసేజ్‌ని బ్యాక్‌ఔట్ క్యూలో పక్కన పెట్టాలన్న పరిమితి, డిఫాల్ట్‌గా 0 ఉంటుంది. జేఎంఎస్ అడాప్టర్‌కి దానర్థం ఎన్నిసార్లు ఫెయిలైనా పక్కన పెట్టవద్దని. అదే మెసేజ్ వస్తుంది, ఫెయిలవుతుంది, మళ్లీ వస్తుంది, వెనక ఉన్నవన్నీ ఆగిపోతాయి. టెస్ట్ సులువు: ఒక మంచిది, ఒక పాడైంది, మళ్లీ ఒక మంచిది పంపి, మూడోది గమ్యం చేరిందా, రెండోది బ్యాక్‌ఔట్ క్యూలో ఉందా చూడటమే. ఇంత చిన్న టెస్ట్ లేకుండా లైవ్‌కి వెళ్లకూడదు.

ఛానెల్ స్థాయిలో కూడా ఇలాంటిదే ఉంది. అవతలి వైపు గమ్యం క్యూ నిండిపోయినా, ఆ పేరుతో క్యూ లేకపోయినా, మెసేజ్ డెడ్ లెటర్ క్యూలోకి వెళ్లాలి. కానీ క్యూ మేనేజర్‌కి డెడ్ లెటర్ క్యూ ఏదో మనమే చెప్పాలి. సిస్టమ్‌తో పాటు ఒకటి తయారై ఉంటుంది గానీ దాన్ని వాడమని సెట్టింగ్ పెట్టకపోతే లేనట్టే లెక్క. అప్పుడు పర్సిస్టెంట్ మెసేజ్ (సర్వర్ ఆగినా పోకుండా దాచేది) అయితే ఛానెలే ఆగిపోతుంది, ఆ దారిన పోయే ఇతర క్యూల మెసేజ్‌లు కూడా నిలిచిపోతాయి. నాన్ పర్సిస్టెంట్ అయితే పారేస్తారు. డెడ్ లెటర్ క్యూలో పడ్డ ప్రతి మెసేజ్‌కి ముందు ఒక హెడర్ చేరుతుంది, వెళ్లాల్సిన క్యూ పేరు, కారణం కోడ్ అందులో ఉంటాయి. 2053 అంటే క్యూ నిండింది, 2085 అంటే ఆ పేరుతో క్యూ లేదు, 2035 అంటే అనుమతి లేదు. టెస్ట్‌లో "డెడ్ లెటర్ క్యూలోకి వెళ్లింది" అని చూసి ఊరుకోవద్దు, అనుకున్న కోడ్‌తోనే వెళ్లిందా చూడాలి. క్యూ నిండినప్పుడు ఏమవుతుందో చూద్దామని వేసిన మెసేజ్ అనుమతి లేక పక్కకు పోతే మనం పరీక్షించింది ఇంకేదో.

రూల్ మార్చినప్పుడు

రూటింగ్ రూల్స్ ఒకసారి రాసి వదిలేసేవి కావు. కొత్త అప్లికేషన్ వస్తుంది, కొత్త రూల్ చేరుతుంది. రూల్స్ వరుసగా చూసి కుదిరిన మొదటిదాన్నే వాడే రకమా, కుదిరిన అన్నింటికీ కాపీలు పంపే రకమా అన్నది ముందు తేల్చుకోవాలి. మొదటి రకంలో కొత్త రూల్‌ని పైన పెడితే కింది రూల్‌కి రావాల్సినవి అది లాక్కుంటుంది. రెండో రకంలో కొత్త రూల్ వల్ల పాత క్యూలకు ఏమీ తగ్గదు, కానీ ఒకే ఆర్డర్ రెండు చోట్ల బిల్లవ్వచ్చు.

రూల్స్ తర్కాన్ని విడిగా, బ్రోకర్ (మెసేజ్‌లు పంచే సర్వర్) లేకుండా, మాక్‌లతో (అసలువాటి బదులు పెట్టే నకళ్లతో) పరీక్షించడం తప్పు కాదు. వేగంగా నడుస్తుంది, వేల కేసులు వేయొచ్చు. కానీ టైపులు, కన్వర్షన్, కమిట్, తిరిగి రావడం లాంటివి మాక్‌లో మనం ఊహించుకున్నట్టే నడుస్తాయి. వాటికి అసలు బ్రోకర్ కావాలి, లైవ్‌లో ఉన్న వెర్షనే కావాలి. కంటైనర్లలో బ్రోకర్ని లేపి, టెస్ట్ అయ్యాక పడేయడం ఇప్పుడు కష్టమేమీ కాదు. వేరే టీమ్ అడాప్టర్ మన మెసేజ్ మింగే బెడద కూడా అలా పోతుంది.

మార్పుకి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది పోల్చి చూసే టెస్ట్. లైవ్‌లో ఒక రోజంతా వెళ్లిన మెసేజ్‌లను పట్టి, పేర్లు, ఫోన్ నంబర్లు లాంటి వ్యక్తిగత వివరాలు మార్చేసి, దాచుకోవాలి. మార్చేటప్పుడు రూటింగ్ ఫీల్డ్‌లు, బైట్ల పొడవు చెక్కుచెదరకూడదు. ఆ కట్టను పాత రూల్స్‌తో ఒకసారి, కొత్త రూల్స్‌తో ఒకసారి నడిపి, ఏ మెసేజ్ ఏ క్యూల్లోకి వెళ్లిందో రెండు జాబితాలు తీయాలి. డెడ్ లెటర్, బ్యాక్‌ఔట్, ఆల్టర్నేట్ క్యూలు కూడా ఆ జాబితాల్లో ఉండాలి. గమ్యం మారిన మెసేజ్‌లన్నీ కొత్త రూల్ కోరినవేనా అని వ్యాపార వివరాలు తెలిసినవాళ్లతో కలిసి ఒక్కో వరుస చూడాలి. ఏ జాబితాలోనూ కనిపించని మెసేజ్ ఒక్కటున్నా అది ఎక్కడ ఆగిందో దొరికేదాకా ఆ మార్పుని లైవ్‌లో పెట్టడానికి సంతకం చేయొద్దు.